కుర్రాడి పేరు తీస్తే బిల్లులు పోయాయి

మా ఊళ్ళో ఒక మందుల షాపుకి జాంగోలో (పైథాన్‌తో వెబ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే ఫ్రేమ్‌వర్క్) బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. పోయిన నెల కౌంటర్‌లో కుర్రాడు మానేశాడు, ఓనర్ గారు ఫోన్ చేసి "బాబూ, వాడి పేరు లిస్టులోంచి తీసెయ్" అన్నారు, సరేనని షెల్ (కమాండ్లు టైప్ చేసే చోటు) ఓపెన్ చేసి డిలీట్ కొట్టాను. ఎన్ని రికార్డులు పోయాయో జాంగో లెక్క చూపిస్తుంది కదా, 1 రావాల్సిన చోట 2316 వచ్చింది. పక్కనే వివరం: స్టాఫ్ 1, బిల్లులు 611, బిల్లు లైన్లు (బిల్లులో ఒక్కో మందుకి ఒక వరస) 1704. చేతులు చల్లబడిపోయాయి.

తప్పు నాదే. బిల్లు మోడల్‌లో (బిల్లుల టేబుల్ ఎలా ఉండాలో చెప్పే కోడ్) ఏ బిల్లు ఏ స్టాఫ్ కొట్టాడో కలిపే ఫారిన్ కీ పెట్టినప్పుడు, ఆ స్టాఫ్ డిలీట్ అయితే బిల్లుని ఏం చెయ్యాలో చెప్పే ఆన్_డిలీట్ దగ్గర క్యాస్కేడ్ (దాంతోపాటు ఇదీ పోవాలి) అని రాసేశా. జాంగో 2.0 నుంచి ఆన్_డిలీట్ ఇవ్వడం తప్పనిసరి, అంతకుముందు ఏమీ ఇవ్వకపోతే క్యాస్కేడే అయ్యేది, ఇప్పుడు ఇవ్వకపోతే ఎర్రర్ వస్తుంది కదా అని అలవాటుగా అదే కొట్టేస్తాం, ఆలోచించం.

అసలు అడగాల్సింది ఈ రికార్డు ఎవరిది అని. బిల్లు లేకపోతే బిల్లు లైన్‌కి అర్థమే లేదు, అక్కడ క్యాస్కేడ్ కరెక్టే. కానీ బిల్లు ఆ కుర్రాడిది కాదు, షాపుది, రేపు లెక్కలు చూపించాల్సింది ఓనర్ గారు. అక్కడ ప్రొటెక్ట్ ఉండాలి, బిల్లులు ఉన్నంతకాలం స్టాఫ్‌ని డిలీట్ చెయ్యనివ్వదు, ప్రొటెక్టెడ్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ర్యాక్ తీసేసినా మందు ఉంటుంది కాబట్టి మందు మోడల్‌లో ర్యాక్ ఫారిన్ కీకి సెట్_నల్ (మందు ఉంటుంది, ర్యాక్ గడి మాత్రం ఖాళీ అవుతుంది) పెట్టా, ఆ కాలమ్‌కి నల్ ట్రూ (ఖాళీగా ఉండొచ్చని) ఇవ్వడం మర్చిపోకండి.

ఇంకోటి కూడా అప్పుడే తెలిసింది. బిల్లు డిలీట్ అయితే లాగ్ టేబుల్‌లో ఒక లైన్ పడాలని బిల్లు మోడల్ డిలీట్ మెథడ్‌లో (బిల్లుని డిలీట్ చేసేటప్పుడు నడిచే కోడ్) రాసుకున్నా, తీరా చూస్తే టేబుల్ ఖాళీ! క్యాస్కేడ్‌లో పోయే రికార్డులకి జాంగో ఆ మెథడ్‌ని పిలవదు, డిలీట్‌కి ముందు ప్రీ_డిలీట్, తర్వాత పోస్ట్_డిలీట్ అనే సిగ్నల్స్ (ఇలా జరుగుతోందని మన కోడ్‌కి చెప్పే కబుర్లు) మాత్రం పంపిస్తుంది, కాబట్టి అలాంటి పని ఏదున్నా సిగ్నల్‌లోనే పెట్టాలి.

ముందు రోజు రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాం. ఆ రోజు పొద్దుటి నుంచి కొట్టిన 23 బిల్లులు మాత్రం పోయాయి, షాపుకెళ్ళి కాగితం కాపీలు చూసి ఒక్కొక్కటీ మళ్ళీ ఎక్కించా, పక్కన ఓనర్ గారు మందు పేర్లు చదువుతుంటే నేను టైప్ చేశా. ఇప్పుడు మానేసినవాళ్ళని డిలీట్ చెయ్యట్లేదు, "పనిలో ఉన్నాడు" అన్న టిక్ తీసేస్తున్నాం అంతే. సప్లయర్, కంపెనీ మోడల్స్‌లో ఇంకా క్యాస్కేడే ఉంది, ఆదివారం వాటి సంగతి చూడాలి.