ఉత్తరం వరసకి కుండలు అందట్లేదు: సీజర్ 3 తాజా సంగతులు

సీజర్ 3 అంటే రోమన్ ఊరు కట్టి నడిపే కంప్యూటర్ ఆట. కావలసినవి అందితే ఇళ్ళు మెట్టు ఎక్కుతాయి, అందకపోతే దిగుతాయి. నా ఊళ్ళో ఉత్తరం వైపు ఇళ్ళ వరస మళ్ళీ కిందకి దిగింది! స్పీడు పెంచి, టీ పెట్టుకుని వచ్చేసరికి నిక్షేపంలా ఉన్న కాసాలు (మధ్యతరగతి ఇళ్ళు) కాస్తా హోవెల్స్ (వాటికంటే కింది మెట్టు ఇళ్ళు) అయి కూర్చున్నాయి. రైట్ క్లిక్ చేస్తే పాత ఫిర్యాదే: కుండలు లేవు. ఇదివరకు గోదాం నిండా కుండలుండేవి, ఇళ్ళకే చేరేవి కావు. ఈసారి గోదాంలో కూడా ఒక్కటి లేదు.

మిగతా ఊరు బాగానే నడుస్తోంది. నీళ్ళు, గుళ్ళు, స్కూలు, థియేటర్ అన్నీ కుదిరాయి, ఖజానా లాభంలో ఉంది. కాబట్టి ఈ పోస్టంతా కుండల గురించే.

బ్లాక్ కొలతలు ఇవి. 14 గళ్ళ పొడవు, 10 గళ్ళ వెడల్పుతో రోడ్డు చుట్టు. మొత్తం 44 గళ్ళు. లోపలా బయటా ఇళ్ళు. దక్షిణం వైపు మధ్యలో ఒక లింకు రోడ్డు, దాదాపు 30 గళ్ళు వెళ్ళి మట్టి గుంతలు, కుండల బట్టీలు, గోదాం దగ్గర ఆగుతుంది. మార్కెట్ లోపలి వైపు, సరిగ్గా ఆ జంక్షన్ పక్కనే పెట్టాను, సరుకు తెచ్చే మనిషికి దగ్గరని. గ్రానరీ (తిండి నిల్వచేసే కొట్టు) కూడా చుట్టుకి ఆనుకునే ఉంది.

కిందటిసారి ఇళ్ళకి కుండలు అందనప్పుడు మొదట అనుమానం ఉత్పత్తి మీద. గోదాంలో 8 అరలు, అరకి 4 లోడ్లు, మొత్తం 32. అందులో సగం పైగా కుండలే. కాబట్టి అది కాదు. తర్వాత మార్కెట్‌లో పనివాళ్ళు: 5 మందికి 5 మందీ ఉన్నారు. ఆ తర్వాత దూరం. కొనుక్కొచ్చే ఆవిడ వెనకాల బుట్టల పిల్లలతో ఒక ట్రిప్పుకి ఒక రకం సరుకే తెస్తుంది. గ్రానరీ పక్కనే కాబట్టి తిండి వెంటనే వస్తోంది, కుండలకి అంత దూరం పోయి రావాలి. సరే అని మార్కెట్‌కి దగ్గర్లో ఇంకో గోదాం కట్టాను. మార్కెట్‌లో కుండల నిల్వ పెరిగింది, ఉత్తరం వరస మాత్రం కదల్లేదు. రెండో మార్కెట్ పక్కనే పెడితే కొంచెం తేడా కనిపించి, మళ్ళీ మొదటికే వచ్చింది. అంటే సరుకుంది, పంచడంలోనే తంటా.

అప్పుడు స్పీడు 10 శాతానికి తగ్గించి, మార్కెట్ నుంచి ఇళ్ళకి సరుకు పంచే ఆవిడ వెంట గడి గడీ లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. బుర్ర వేడెక్కించే పనే గానీ గుట్టు మొత్తం అక్కడే బయటపడింది. ఈ ఆటలో పంచే వాకర్ (రోడ్ల మీద నడిచే మనిషి) బయల్దేరగానే తిరుగుడు మొదలుపెట్టదు. ముందు భవనం నుంచి 8 గళ్ళ దూరంలో ఒక చోటు చూసుకుని, దానికి దగ్గరున్న రోడ్డు మీదికి నేరుగా పోతుంది. ఆ చోటు ఒక్కో ట్రిప్పుకి ఒక్కో దిక్కు: ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర వరసగా. అక్కడికి చేరాకే ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, సుమారు 26 గళ్ళు. ఆ తర్వాత దగ్గర దారిన వెనక్కి.

ఇప్పుడు నా బ్లాక్ మీద వేసి చూడండి. మార్కెట్ నుంచి దక్షిణంగా 8 గళ్ళంటే ఎక్కడ పడుతుంది? తిన్నగా లింకు రోడ్డు మీద! అక్కణ్ణుంచి ఇంకో 26 గళ్ళంటే మట్టి గుంతల దాకా వాకింగే. నాలుగు ట్రిప్పుల్లో ఒకటి అలా గంగపాలు. మిగిలిన మూడింటిలో కూడా జంక్షన్ తగిలినప్పుడల్లా లింకులోకి తిరిగే అవకాశం సగం. రెండో మార్కెట్ ఆవిడా ఇదే ఉచ్చులో పడింది. 26 గళ్ళు అటు నడిచి, 18 గళ్ళు ఇటు తిరిగొస్తే 44 గళ్ళ చుట్టు చక్కగా పూర్తవ్వాలి. కాగితం మీద లెక్క సరిపోయింది, జంక్షన్ చెడగొట్టింది.

అందుకని మార్కెట్‌ని ఉత్తరం రోడ్డు లోపలి వైపుకి మార్చాను. ఇప్పుడు దక్షిణం ట్రిప్పు కూడా చుట్టులోనే పడుతుంది. లింకు మొదట్లో ఒక రోడ్ బ్లాక్. మన హైదరాబాద్‌లో జంక్షన్లు మూసేసి యూ టర్న్‌లు పెట్టినట్టే అన్నమాట. ఊళ్ళో వాటిని తిట్టుకునే నేనే ఆటలో ఎన్నైనా పెడతా. గోదాంకి వెళ్ళేవాళ్ళకి, బళ్ళు తోసేవాళ్ళకి గమ్యం ఖాయం కాబట్టి వాళ్ళని ఈ రోడ్ బ్లాక్ ఆపదు, ఊరికే తిరిగేవాళ్ళనే వెనక్కి తిప్పుతుంది. ఉత్తరం వరస కొన్నాళ్ళు కాసాలుగా నిలబడింది కూడా.

ఇక నిన్నటి గోల. గోదాం ఖాళీ, బట్టీలు ఖాళీ, మట్టి గుంత మీద నొక్కితే 10 మంది ఉండాల్సిన చోట సున్నా. ఊళ్ళో నిరుద్యోగం ఉంది, పనివాళ్ళకి కొరత లేదు. సంగతేంటంటే, ప్రతి పనిచోటు నుంచీ కూలీల కోసం ఒక మనిషి బయల్దేరి ఇళ్ళ పక్కగా నడవాలి. ఆ మనిషి కూడా ఊరికే తిరిగే బాపతే. రోడ్ బ్లాక్ దగ్గరికి వచ్చి వెనుదిరిగిపోతున్నాడు. బట్టీల దగ్గర ఒక్క ఇల్లూ లేదు, కాబట్టి పనివాళ్ళు లేరు. ఒక రోడ్ బ్లాక్‌తో ఒక రోగం కుదిరి ఇంకోటి పట్టుకుంది.

నేను ఆడేది అగస్టస్, అంటే ఈ ఆటకి అభిమానులు చేసిన కొత్త రూపం. అందులో రోడ్ బ్లాక్‌కి ఎవరిని వదలాలో ఎంచుకోవచ్చు, కూలీల కోసం తిరిగేవాళ్ళకి ఒక్క టిక్ పెడితే చాలు. నాకది నచ్చదు, తప్పేం కాదు గానీ ఆటలో మజా పోతుంది. అందుకే మట్టి గుంతల పక్కన నాలుగు గుడారాలు (అట్టడుగు మెట్టు ఇళ్ళు), ఒక బావి, ఒక ప్రిఫెక్ట్ (మంటలు ఆర్పే కాపలావాడు). గుడారాలు ఇట్టే అంటుకుంటాయి కాబట్టి ప్రిఫెక్ట్ దగ్గర పిసినారితనం వద్దు. పనివాళ్ళు వచ్చారు, కుండలు కదిలాయి. ఈశాన్యం మూల ఇల్లొకటి మాత్రం ఇంకా వెనకబడే ఉంది. వాకర్ సేవ రోడ్డుకి 2 గళ్ళ వరకే అందుతుంది, ఆ ఇల్లు మూలగా ఉండటం వల్ల అంచున పడుతోందని నా ఊహ. ఒక గడి జరిపి చూడాలి.

కుండల మీద ఇంత గొడవా అంటారా? రోములో మాంటె టెస్టాచో అని ఒక గుట్ట ఉంది, ఎత్తు 35 మీటర్ల దాకా. మొత్తం పగిలిన నూనె జాడీల పెంకులే! ఆ లెక్కన నా 32 లోడ్ల గోదాం ఏ మూలకి?

1998 ఆట ఇప్పుడు ఆడొచ్చా అని ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆడొచ్చు, కానీ అగస్టస్ వేసుకునే ఆడండి. ఒరిజినల్‌లో రోడ్ బ్లాకే లేదు. అది ఈ ఆట తీసిన కంపెనీవాళ్ళే మరుసటి ఏడాది తెచ్చిన ఫారో అనే ఆటలో వచ్చింది. అప్పటిదాకా గేట్‌హౌస్‌లతో (కోట గోడ ద్వారాలతో) నెట్టుకొచ్చేవాళ్ళు. అగస్టస్ ఉచితమే, అయితే అసలు ఆట ఫైళ్ళు కావాలి, గాగ్, స్టీమ్ లాంటి ఆటల ఆన్‌లైన్ దుకాణాల్లో కొనుక్కోండి. పాత ఆట ఉన్నది ఉన్నట్టు కావాలనుకునేవాళ్ళకి జూలియస్ అనే ఇంకో రూపం ఉంది. సికింద్రాబాద్ సీటీసీలో కొన్న నా సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌కి గ్రాఫిక్స్ కార్డే లేదు, దాని మీదే ఫ్యాన్ చప్పుడు లేకుండా నడుస్తోంది. రోమన్ ఊళ్ళు కట్టే కొత్త ఆట అన్నో 117 అందంగా ఉంటుంది, నిజమే, కానీ దానికి తగ్గ కార్డు కొనాలంటే జేబు ఒప్పుకోదు. సీజర్ 4 నాకు ఎక్కలేదు, 3డీ చేసి ఆ బొమ్మల ముచ్చట పోగొట్టారు. ఆండ్రాయిడ్‌లో కూడా అగస్టస్ నడుస్తుంది. మియాపూర్ మెట్రోలో కూర్చుని ఊరిని చూసుకోవడానికి బావుంటుంది గానీ, కట్టడానికి మాత్రం మౌస్ కావాలి. వేలితో ఒక గడి మీద నొక్కితే పక్క గడి కూలుతుంది. యుద్ధాల కోసమైతే దీని జోలికి రావద్దు, సైన్యం నడిపే తీరు పేలవం.

తర్వాత విల్లాలు (పెద్దవాళ్ళ ఇళ్ళు). వాటికి వైన్ కావాలి, పైగా విల్లాల్లోకి వచ్చే పెట్రీషియన్లు, అంటే కులీనులు, పనిచేయరు. పన్ను పెరుగుతుంది, పనిచేసే చేతులు తగ్గుతాయి. అందుకని ముందు ఇంకో కాసాల బ్లాక్ కట్టి, ఆ తర్వాతే ఈ బ్లాక్‌ని పైకి తోస్తాను. ఈసారి లింకు రోడ్డు మార్కెట్‌కి ఎదురు మూల నుంచి తీస్తా, బట్టీల దగ్గర గుడారాలు మొదటి రోజే వేస్తా. ఊరికి ఒక్కటే హిప్పోడ్రోమ్ (రథాల పందేల మైదానం) కట్టనిస్తారు కాబట్టి దానికి పడమర వైపు చోటు ఇప్పట్నుంచే ఖాళీగా ఉంచుతున్నాను. ఈశాన్యం మూల ఇల్లు మీ బ్లాకుల్లో ఎవరికైనా ఇలాగే మొండికేసుంటే, దాన్ని ఎటు జరిపారో చెప్పండి.