ఐస్‌లాండ్ రింగ్ రోడ్డు మీద కారులో: వాన సంగతి సరే, గాలి చూసుకోండి

ఐస్‌లాండ్ వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచి అందరూ చలి గురించే అడుగుతున్నారు. సెప్టెంబర్లో చలి పెద్ద సమస్యేం కాదండీ, పగలు ఎనిమిది పది డిగ్రీల దగ్గర ఉంటుంది, లోపలో స్వెట్టరు, పైన నీళ్ళు దిగని జాకెట్టు ఉంటే చాలు. అక్కడ మన ప్రయాణాన్ని నడిపేది గాలి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు బయల్దేరాలో, అసలు ఆ రోజు కదలాలో వద్దో అంతా అదే చెబుతుంది. ఈ ముక్క ముందే తెలిస్తే సగం టెన్షన్ ఉండదు, అందుకే మేం దేశం చుట్టూ ఎలా తిరిగొచ్చామో వివరంగా రాస్తున్నాను.

వెళ్ళింది నలుగురం. నేనూ మా ఆవిడా హైదరాబాద్ నుంచి, అక్కా బావా డబ్లిన్ నుంచి. ఐస్‌లాండ్‌కి షెంగెన్ వీసా కావాలి. ఐర్లండ్ షెంగెన్‌లో లేదు కాబట్టి, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటున్నా ఇండియన్ పాస్‌పోర్టే ఉన్న అక్కావాళ్ళకీ అది తప్పలేదు. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సెలవు లెటరు ఇవన్నీ మామూలే. చిక్కల్లా ఏ రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటామో బుకింగులతో సహా చూపించాలి. వాతావరణం గంటకోసారి మారే దేశానికి వెళ్తూ, నెలల ముందే ఫలానా రాత్రి ఫలానా ఊరు అని రాసివ్వడమంటే పెళ్ళి ముహూర్తం పెట్టినంత ధీమాగా రాసివ్వడమే. అందుకని చివరి నిమిషం దాకా డబ్బులు పోకుండా రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకున్నాం, కాస్త ఖరీదెక్కువైనా సరే. ఇదే తర్వాత మమ్మల్ని కాపాడింది.

దేశం తెలంగాణ కంటే కొంచెం చిన్నది, జనం నాలుగు లక్షల లోపు, అందులో ఎక్కువమంది రాజధాని రెయిక్యవిక్ చుట్టుపక్కలే ఉంటారు. దేశాన్ని చుట్టి వచ్చే 1వ నంబరు రోడ్డు, అదే రింగ్ రోడ్డు, 1,320 కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ నుంచి ముంబయి పోయి రావడం కంటే తక్కువే కదా అనిపిస్తుంది మ్యాపులో చూస్తే. ఆ లెక్క అక్కడ పనికిరాదు. వేగం తారు రోడ్డు మీద 90, కంకర రోడ్డు మీద 80, ఊళ్ళలో 50. పైగా ప్రతి మలుపులోనూ ఆగాలనిపించేది ఏదో ఒకటి ఉంటుంది.

లైసెన్సుకి హైదరాబాద్‌లో ఆర్టీవో ఆఫీసు నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను, ఏడాది చెల్లుతుంది. అక్కడ బండి కుడివైపు నడపాలి. ఒకప్పుడు వాళ్ళూ మనలాగే ఎడమవైపు నడిపేవాళ్ళట, 1968 మే 26న దేశమంతా ఒకేసారి కుడికి మారిపోయారు. మనకి అంత తేలిగ్గా అలవాటు కాదు. స్టీరింగు ఎడమవైపు ఉంటే ఇండికేటర్ మీట కూడా అటు పోతుంది, మొదటి రోజంతా నేను ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఊగేవి. "వాన పడుతోంది కదరా, వెయ్యి వెయ్యి, పనికొస్తాయి" అని పక్క సీట్లోంచి బావ. డబ్లిన్‌లోనూ నడిపేది ఎడమవైపే కాబట్టి ఆయన వంతు వచ్చినప్పుడు ఆయనా తడబడ్డాడు, నేనూ ఊరుకోలేదు లెండి.

కారు తీసుకునే చోట అబ్బాయి ఇంజను గురించి రెండు ముక్కలు చెప్పి, తలుపుల గురించి పాఠమే చెప్పాడు. బండిని గాలికి ఎదురుగా ముక్కు పెట్టి ఆపాలి. తలుపు తెరిచేటప్పుడు ఒక చేత్తో పైఅంచు, ఇంకో చేత్తో పిడి పట్టుకుని కొద్దికొద్దిగా తెరవాలి. వెనక నుంచి గాలి వస్తుంటే తలుపు చేతిలోంచి లాక్కుని ముందుకి మడతపడిపోతుంది, మామూలు ఇన్సూరెన్సులో ఆ ఖర్చు రాదు. ఇసుకకీ బూడిదకీ వేరే ఇన్సూరెన్సు ఉంది, దక్షిణ తీరంలో గాలి లేస్తే నల్ల ఇసుక ఎగిరి రంగంతా గీరేస్తుందట, అదీ తీసుకున్నాం. నలుగురం ఒప్పందం చేసుకున్నాం: డ్రైవర్ "ఊఁ" అన్నాకే తలుపులు, అదీ ఒక్కొక్కటిగా. అక్క అయితే పెట్రోలు బంకులో కూడా "తియ్యనా?" అని అడిగేది.

బంకులంటే గుర్తొచ్చింది, చాలాచోట్ల మనుషులుండరు. మెషీన్లో కార్డు పెట్టి పిన్ కొట్టాలి, కాబట్టి పిన్ ఉన్న కార్డు తప్పనిసరి. ట్యాంకు నిండా అని నొక్కితే పెద్ద మొత్తం తాత్కాలికంగా పట్టి ఉంచుకుంటారు, తర్వాత వదులుతారు. ఫారెక్స్ కార్డులో తక్కువ డబ్బులుంటే ఇబ్బంది, అందుకే ఎంతకి కావాలో ఆ అంకె నొక్కడం మేలు.

దక్షిణం వైపు నుంచి మొదలుపెట్టాం. థింగ్‌వెల్లిర్ నేషనల్ పార్కు, గెయ్‌సిర్ వేడినీటి ఊటలు, గుల్‌ఫాస్ జలపాతం అందరూ చూసేవే, ఫోటోలు బోలెడు దొరుకుతాయి, వాటి గురించి రాయను. సెల్యాలాండ్స్‌ఫాస్ 60 మీటర్ల జలపాతం, దాని వెనక నుంచి నడవొచ్చు. అక్కడ మొదటిసారి తెలిసింది వాన పైనుంచే పడాలన్న రూలేం లేదని. అడ్డంగా వచ్చింది, కొంచెంసేపు కిందనుంచీ వచ్చింది. గొడుగు తెచ్చుకున్నవాళ్ళ గొడుగులు చెత్తబుట్టలో తలకిందులుగా కనిపించాయి. జీన్స్ తడిస్తే మర్నాటికి కూడా ఆరవు, దయచేసి తీసుకెళ్ళకండి. పైన జాకెట్టుకి ఎంత పెడతారో కింద ప్యాంటుకీ అంతే పెట్టండి.

విక్ అనే చిన్న ఊరు చేరేసరికి సాయంత్రమైంది. నా ఫోన్లో వాతావరణం బొమ్మ మర్నాటికి సగం ఎండ సగం మబ్బు చూపిస్తోంది, సంబరపడ్డాం. అక్కడి ఈతకొలను పక్కన వేడినీళ్ళ తొట్టిలో కూర్చున్నప్పుడు (ముందు ఒంటిమీద నూలుపోగు లేకుండా సబ్బుతో స్నానం చేసి తీరాలి, మొహమాటాలు ఇంటిదగ్గర వదిలి రండి) ఒక పెద్దాయన మాటల్లో రేపెటు అని అడిగాడు. తూర్పుకి అన్నాం. ఆయన నా ఫోన్ బొమ్మ సంగతి విని నవ్వి, ఆ యాప్ తీసెయ్యమని, వాళ్ళ వాతావరణ శాఖ సైటు వేదుర్ డాట్ ఐఎస్ చూడమన్నాడు. అందులోనూ వాన కాదు, గాలి పేజీ, మామూలు గాలి అంకె పక్కనే విసురుగాలి అంకె. చూస్తే ఆగ్నేయం వైపు ఆరెంజ్ హెచ్చరిక ఉంది.

ఆ అంకెలు సెకనుకి ఇన్ని మీటర్లని ఉంటాయి. మనకి అర్థం కావాలంటే మూడున్నరతో గుణించి ఇంకాస్త కలుపుకోవాలి: 20 అంటే గంటకి 72 కిలోమీటర్లు, 28 అంటే వంద. మేం దాటాల్సిన ఓరైవీ ప్రాంతంలో విసురు 35 దాకా చూపిస్తోంది. అంటే మన తీరంలో తుఫాను దాటేటప్పుడు వినే అంకె. మా ఊరు బాపట్ల దగ్గర, ఆ అంకెలు చిన్నప్పట్నుంచీ రేడియోలో విన్నవే, ఇంకెవరూ నాకు నచ్చజెప్పనక్కర్లేకపోయింది. బావే కొంచెం గునిశాడు.

"పొద్దున్నే ఆరింటికి బయటపడితే గాలి లేచేలోపు దాటెయ్యమూ?"

"బావా, వద్దు. మీరు అద్దెకి తీసుకున్న కారు తలుపుకే భయపడుతున్నారు, ఇక్కడ కారుకి కారే లేస్తుందంటున్నారు."

"సరేలే, మీ అక్క ఎటూ నీ పక్షమే."

పొద్దున లేచి రోడ్ల సైటు ఉమ్‌ఫెర్దిన్ డాట్ ఐఎస్ చూస్తే మాకు కావాల్సిన ముక్కంతా ఎర్రగా ఉంది, రోడ్డు మూసేశారు. తర్వాతి గది రద్దు చేసి విక్‌లోనే ఇంకో రాత్రికి అడిగాం. మాలాగే అందరూ అడుగుతుంటారు కాబట్టి ఈ పని తెల్లారాక ఫోన్లు చేసుకుంటూ కూర్చోకుండా హెచ్చరిక చూసిన రాత్రే చేసుకోవాలి. మాకు రెండు గదులు దొరకలేదు, ఒకే గదిలో నలుగురం సర్దుకున్నాం. వంటగది ఉంది, అన్నం వండి, మా ఆవిడ తెచ్చిన గోంగూర పచ్చడి సీసా తెరిచింది. కిటికీ అద్దాలు గాలికి దడదడలాడుతుంటే నెయ్యి లేని లోటు తప్ప ఏ లోటూ తెలియలేదు.

మధ్యాహ్నం గాలి కాస్త తగ్గాక గుట్ట మీద ఉన్న చర్చి దాకా నడిచాం. విక్ పక్కనే మంచు కింద కాట్లా అనే అగ్నిపర్వతం ఉంది, చివరిసారి పెద్దగా పేలింది 1918లో. అది మళ్ళీ పేలితే మంచు కరిగి వరద వస్తుంది, అప్పుడు ఊరి జనం ఎక్కాల్సిన చోటు ఈ చర్చే. రెయినిస్‌ఫ్యారా నల్ల ఇసుక బీచ్ ఇక్కడికి దగ్గర్లోనే. అక్కడ అలల ప్రమాదాన్ని బట్టి వెలిగే హెచ్చరిక దీపాలున్నాయి. మేం వెళ్ళినప్పుడు ఎరుపు వెలుగుతోంది, అయినా కొందరు ఫోటోల కోసం నీళ్ళ వైపు వెళ్తున్నారు. ప్రశాంతంగా నాలుగు అలలు వచ్చి, ఐదోది మనిషి నిలబడ్డ చోటు దాటి లోపలికొస్తుంది, ప్రాణాలు పోయాయి అక్కడ. ఒడ్డు పైనుంచే చూసి వచ్చేశాం.

రోడ్డు తెరిచాక తూర్పుకి బయల్దేరాం. ఓరైవీలో గాలి సంగతి అప్పుడు చేతికి తెలిసింది. కొండ చాటున ఉన్నంతసేపు ఏమీ ఉండదు, పాట వినబడుతుంటుంది. చాటు దాటిన క్షణంలో ఎవరో పక్కనుంచి భుజంతో తోసినట్టు బండి అర మీటరు జరుగుతుంది. దాన్ని సరిచేద్దామని స్టీరింగు కోస్తే, మళ్ళీ చాటు రాగానే అటువైపు లాగేస్తుంది. అందుకే 60కి తగ్గించి, రెండు చేతులతో వదులుగా పట్టుకుని, గడ్డి ఏవైపు పడుకుందో చూసుకుంటూ నడపాలి. రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్ బోర్డుల మీద గాలి అంకె వెలుగుతుంటుంది, దాన్ని చదవడం వెనక సీటువాళ్ళ డ్యూటీ.

అదే దారిలో స్కెయ్‌దారార్ ఇసుక మైదానం. 1974లో ఇక్కడ వంతెన పూర్తయ్యాకే ఈ రోడ్డు దేశం చుట్టూ ఒక చుట్టు అయింది, అంతకుముందు ఇక్కడివాళ్ళు రాజధానికి పోవాలంటే ఉత్తరం చుట్టి రావాల్సిందే. 1996లో మంచు కింద అగ్నిపర్వతం పేలి, ఆ నీళ్ళన్నీ నవంబర్లో ఒక్కసారిగా విరుచుకుపడి వంతెనల్ని లాక్కుపోయాయి. మెలితిరిగిన ఇనుప దూలాలు రెండు రోడ్డు పక్కనే నిలబెట్టి ఉంచారు. పక్కన నిలబడి చెయ్యి వేసి చూశాను, నా నడుము ఎత్తు దూలం అప్పడంలా వంగిపోయింది. అక్కడ గాలికి నిలబడలేక ఎక్కువసేపు ఉండలేదు.

యోకుల్‌సార్లోన్ అనే మంచుగడ్డల సరస్సు దగ్గర ముసురు. అక్క మొహం చిన్నబుచ్చుకుంది కానీ, నన్నడిగితే మంచుగడ్డల నీలం మబ్బు పట్టినప్పుడే బాగుంటుంది, ఎండలో తెల్లగా పాలిపోయినట్టుంటాయి. హిమానీనదం నుంచి విరిగిన గడ్డలు సరస్సులో తేలుతూ సముద్రంలోకి పోయి, మళ్ళీ అలలకి నల్ల ఇసుక మీదకి కొట్టుకొస్తాయి.

ఆ తర్వాత తూర్పు తీరం అంతా పొగమంచు. ఒకే బండి పట్టే వంతెనలు ఇంకా ఉన్నాయి, ముందు చేరినవాళ్ళది హక్కు, మర్యాదగా లైటు కొట్టి దారిస్తారు. ఓక్సి అనే కనుమ మీదుగా అడ్డదారి ఉంది, నిటారు కంకర రోడ్డు. దూరం బాగా కలిసొస్తుందని జీపీఎస్ పదేపదే అటే లాగింది. ఆ మంచులో వద్దనుకుని తీరం వెంబడే పోయాం. గంటకి పైగా ఎక్కువ పట్టింది, ఎవరూ బాధపడలేదు. గొర్రెలు మాత్రం జాగ్రత్త, తల్లి ఒకవైపు పిల్ల ఒకవైపు ఉంటే కచ్చితంగా ఒకటి రోడ్డు దాటుతుంది.

ఎగిల్‌స్తాదిర్ ఊరు దాటి పీఠభూమి ఎక్కుతుంటే వాన కాస్తా మంచైంది. సెప్టెంబర్లో వేసవి టైర్ల మీద అది చూస్తే గుండె గుభేలుమంటుంది, కానీ రోడ్డు మీద నిలవలేదు, గడ్డి మాత్రమే తెల్లబడింది. ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకున్నందుకు అప్పుడు తృప్తి కలిగింది. ఎఫ్ అక్షరంతో మొదలయ్యే కొండ రోడ్లకి అది చట్టప్రకారం కావాలి, మేం వాటి జోలికి పోలేదు. గంట తర్వాత డెట్టిఫాస్ జలపాతం దగ్గర ఎండ! 44 మీటర్లే ఎత్తు, కానీ వంద మీటర్ల వెడల్పున బూడిదరంగు నీళ్ళు పడుతుంటే కాళ్ళ కింద నేల అదురుతుంది. పడమటి గట్టు రోడ్డు తారుది, అటే వెళ్ళండి.

మీవాట్న్ సరస్సు దగ్గర గంధకం వాసన భరించలేక మా ఆవిడ కారులోనే కూర్చుంది. ఆ రాత్రే ఆకాశంలో ఆకుపచ్చ వెలుగు, అదే నార్తర్న్ లైట్స్. కంటికి పల్చటి మేఘంలా ఉంది, ఫోన్ కెమెరాలో బాగా పచ్చగా వచ్చింది, ఫోటోలు చూసి మరీ ఎక్కువ ఊహించుకోకండి. దానికీ వాతావరణ శాఖ సైటులోనే మబ్బుల మ్యాపు ఉంది, తెల్లగా చూపించిన చోటు మబ్బు లేని చోటు.

అకురేయ్‌రి ఊరికి ముందు వచ్చే సొరంగానికి టోల్ ఉంది, కానీ గేటు లేదు, మనిషి లేడు. కెమెరా నంబరు పట్టుకుంటుంది, మనమే వెంటనే ఆన్‌లైన్లో కట్టేయాలి, లేకపోతే కారు అద్దెకిచ్చినవాళ్ళ ద్వారా అదనపు రుసుముతో వస్తుంది. ఊళ్ళో ట్రాఫిక్ ఎర్రలైట్లు హృదయం ఆకారంలో ఉంటాయి, అక్క వాటి దగ్గర ఫోటో దిగేదాకా కదలనివ్వలేదు.

పడమటి వైపు రోజంతా తేలిగ్గా గడిచింది, బోర్‌గర్‌నేస్ దగ్గర కొండ కింద మళ్ళీ గాలి తప్ప. రాజధాని దగ్గర హ్వాల్‌ఫ్యోర్దుర్ సొరంగానికి 2018 నుంచి టోల్ లేదు. విక్‌లో పోయిన రోజుకి బదులు రెయిక్యవిక్‌లో అనుకున్న రాత్రుల్లో ఒకటి వదులుకున్నాం, దానికి బాధేమీ లేదు, ఆ ఊరు ఒక పూటలో చూసేయొచ్చు. మీరు వేసుకునేటప్పుడు ఖాళీ రోజుని రాజధానిలోనే, చివర్లో పెట్టుకోండి. గాలి తినేస్తే అక్కడి నుంచి తినేస్తుంది, మిగిలితే సూప్ తాగుతూ వాన చూడొచ్చు. పెద్దవాళ్ళనీ పిల్లల్నీ తీసుకెళ్తే జూన్, జులై, ఆగస్టు చూసుకోండి. అక్టోబరు తర్వాత, మంచు మీద బండి నడిపిన అలవాటు లేనివాళ్ళకి, నేనైతే సొంత డ్రైవింగ్ చెప్పను. దక్షిణ తీరం వరకు బస్సు టూర్లు ఉన్నాయి, వాటిలో వెళ్ళండి.