మందు ఆకు మీద, జబ్బు వేళ్లలో

కొత్తగా వేసిన గ్రీన్‌కి, అంటే గోల్ఫ్‌లో గుంత చుట్టూ పొట్టిగా కోసే పచ్చికకి, జబ్బులు రావనుకునేవాణ్ణి. పాత మట్టి తీసేసి, కడిగిన ఇసుక పోసి, బెంట్‌గ్రాస్ అనే సన్నగడ్డి మంచి విత్తనం చల్లాం, ఇంకేం వస్తుందని ధీమా. మా గోల్ఫ్ కోర్సులో ఐదో గ్రీన్ రెండో వేసవికే ఆ ధీమా దించేసింది.

మొదట కనిపించింది అరచేతంత మచ్చ. తోమని రాగి చెంబు రంగు. కొన్ని వారాల్లో పళ్లెమంత అయింది, పక్కన ఇంకో నాలుగు లేచాయి. రాత్రిళ్లు ఉక్కగా ఉంటున్నాయి కాబట్టి బ్రౌన్ ప్యాచ్ అనే ఆకు జబ్బని తేల్చేశాను. ఎవర్నీ అడగలేదు. క్లోరోథలోనిల్ కొట్టించాను, కొన్నాళ్లాగి మళ్లీ కొట్టించాను. అది ఆకు మీద పనిచేసే మందు. మచ్చలు మాత్రం వాటి దారిన అవి పెరిగాయి.

తర్వాత ఇసుక నీళ్లు పీల్చడం లేదేమోనని అనుమానం వచ్చింది. మచ్చలోంచి ఒక ఇసుక ముద్ద తీసి ఆరబెట్టి, పైనుంచి కిందిదాకా చుక్కచుక్కగా నీళ్లు వేశాను. వేసిన చుక్క వేసినట్టే ఇంకిపోయింది. అదీ కాదన్నమాట. నీళ్లు ఇంకుతున్నా మధ్యాహ్నానికి ఆ గడ్డి మాత్రమే ఎందుకు వాడిపోతోందో అర్థం కాలేదు.

విషయం పట్టుకున్నది నేను కాదు, గడ్డి కోసే కుర్రాడు. మచ్చ అంచున రెండు వేళ్లతో గడ్డి పట్టుకుని లాగి, "సార్, ఇది ఊరికే ఊడొచ్చేస్తోంది" అన్నాడు. అడుగు దూరంలో మంచి గడ్డి లాగితే తెల్లటి వేళ్లు ఇసుకను పట్టుకుని గింజుకున్నాయి. ఇతను లాగినదానికి వేళ్లు పొట్టిగా, కాలిన దారప్పోగుల్లా ఉన్నాయి. కడిగి భూతద్దం కింద పెడితే, మొదలు దగ్గర కాండం నల్లబడి ఉంది. వేరు పొడవునా సన్నటి నల్లటి పోగులు పాకినట్టు కనిపించాయి. ఇన్నాళ్లూ నేను పైనే చూస్తూ కూర్చున్నాను.

శాంపిల్ ల్యాబ్‌కి పంపడంలోనూ తప్పు చేశాను. బాగా చచ్చిపోయిన చోటు చూసి, మచ్చ నడిమధ్య నుంచి తీశాను. చచ్చిన గడ్డిని తినే మామూలు బూజులు తప్ప ఏమీ లేవని రిపోర్టు వచ్చింది. రెండోసారి హోల్ గుంత తీసే కప్ కట్టర్‌తోనే, సగం జబ్బుగడ్డి, సగం మంచిగడ్డి వచ్చేలా అంచు మీద తీశాను. మట్టిభాగాన్ని ఫాయిల్‌లో చుట్టి, అదే రోజు పంపాను. ఈసారి పేరు దొరికింది: టేక్-ఆల్ ప్యాచ్ అనే శిలీంధ్రపు జబ్బు. గోధుమ వేళ్లను కుళ్లబెట్టే టేక్-ఆల్‌కి దగ్గరి చుట్టం.

కొత్త గ్రీన్‌కే ఇది ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది. కడిగిన ఇసుకలో ఈ శిలీంధ్రానికి పోటీ ఇచ్చే సూక్ష్మజీవులు ఉండవు. ఖాళీ ఇంట్లో దొంగ దూరినట్టు దూరింది. ఆ జీవులు చేరేకొద్దీ కొన్నేళ్లలో జబ్బు దానంతటదే తగ్గుతుందట. పైగా దానికి క్షారం ఇష్టం. మా ఇసుక పీహెచ్ 7.6 వచ్చింది. మేం పెట్టే నీళ్లలో క్షారం పెంచే బైకార్బొనేట్లు ఎక్కువ, అంటే రోజూ మేమే దానికి మేత వేస్తున్నాం.

ఆ వేసవికి ఉన్న గడ్డిని బతికించుకోవడమే పని. కోత ఎత్తు 3 మిల్లీమీటర్ల నుంచి 4కి పెంచాం. బంతి నెమ్మదించిందని ఆటగాళ్లు సణిగారు, సణగనిచ్చాం. మధ్యాహ్నం పైపు పట్టుకుని మచ్చల మీద మాత్రం పల్చగా నీళ్లు చల్లేవాళ్లం. ఎరువుగా వేసే కాల్షియం నైట్రేట్ ఆపేసి, నేలలో క్షారం తగ్గించే అమ్మోనియం సల్ఫేట్‌కి మారాం. ఎక్కువైతే ఆకు మాడుతుంది, అందుకే కొంచెం కొంచెంగా వేసి వెంటనే నీళ్లు పెట్టాం. హెక్టారుకు సుమారు 2 కిలోల మాంగనీసు అందేలా మాంగనీసు సల్ఫేట్ కూడా ఇచ్చాం. మొక్కకు అందాల్సిన మాంగనీసును ఈ శిలీంధ్రం అందని రూపంలోకి మార్చేస్తుంది మరి.

మందు సంగతి వేరే కథ. వేళ్లకు అంటుకునేది చల్లటి, తడి నేలలో, శరదృతువులోనూ వసంతంలోనూ. మచ్చ బయటపడేది ఎండ ముదిరాక, అప్పటికే వేళ్లు పోయాక. కాబట్టి గ్రీన్ నిగనిగలాడుతున్నప్పుడే మందు కొట్టాలి. దీనికి కమిటీని ఒప్పించడం జబ్బు కనిపెట్టడం కన్నా కష్టమైంది. "ఏమీ లేనిచోట డబ్బు పోస్తావా?" అన్నారు. ఊడొచ్చిన గడ్డిని సీసాలో దాచి ఉంచాను, అది బల్ల మీద పెట్టాక మాట తగ్గించారు.

5 సెంటీమీటర్ల లోతున థర్మామీటర్ గుచ్చి, నేల 15 డిగ్రీలకు దిగాక అజాక్సిస్ట్రోబిన్, నెల తర్వాత టెబుకొనజోల్ కొట్టాం. వసంతంలో నేల 13 దాటుతుండగా మళ్లీ. ప్రతిసారీ ఆకు మీద ఆరకముందే నీళ్లు పెట్టి మందును వేళ్లదాకా దించాం. టెబుకొనజోల్ బెంట్‌గ్రాస్ ఎదుగుదలను కాస్త అణుస్తుంది, అందుకే ఎండల్లో దాని జోలికి వెళ్లలేదు.

మరుసటి వేసవి ఐదో గ్రీన్ మీద మూడే మచ్చలు, అవీ అరచేతంతే. పాత మచ్చల మధ్యలో పోవా అనే కలుపుగడ్డి దూరింది. దాన్ని కత్తితో తీసి, నర్సరీ నుంచి బెంట్‌గ్రాస్ ముక్కలు తెచ్చి అతికిస్తున్నాం. నిన్న థర్మామీటర్ 16 చూపించింది. స్ప్రేయర్ నాజిళ్లు కడిగి ఆరబెట్టాం.