లిస్బన్‌లో ఒక శాపం కథ

లిస్బన్ వెళ్లినవాళ్లు బెలేంలో మఠం ముందు ఫొటో దిగి, ఆ వీధిలోనే ఎగ్ టార్టుల కోసం బారులో నిలబడి, అంతటితో బెలేం చూసేశామనుకుంటారు. 1904 ఫిబ్రవరి 28న అదే వీధిలోని ఫ్రాంకో మందుల దుకాణంలో కొందరు కుర్రాళ్లు చేరి స్పోర్ట్ లిస్బోవా అనే ఫుట్‌బాల్ జట్టును పెట్టుకున్నారు. నాలుగేళ్ల తరువాత అది బెన్ఫికా పేటలోని మరో క్లబ్బుతో కలిసి బెన్ఫికా క్లబ్బు అయింది. ఆ రెండో క్లబ్బువారికి సైకిల్ పందేలంటే మోజు కనుక, బెన్ఫికా చిహ్నంలో రెక్కలు చాచిన గద్ద కింద డాలు వెనుక ఈనాటికీ ఒక సైకిల్ చక్రం కనిపిస్తుంది.

నీలం లైన్ మెట్రోలో కొలేజియు మిలిటార్ దగ్గర దిగి, జనం వెంట నడిస్తే బెన్ఫికా సొంత మైదానం లూజ్ స్టేడియం వస్తుంది. ఆట ఉన్న రోజు కావడంతో దారి పొడవునా బండ్లు వెలిశాయి. బన్నులో పంది మాంసం ముక్కలు పెట్టి ఇచ్చే బిఫానాకు ఊళ్లో ఇచ్చినదానికి రెట్టింపు పుచ్చుకున్నారు. ఆవాలు నూరిన ముద్ద మాత్రం ధారాళంగా వేశారు. ఎర్ర కండువా ధర అడిగి, మనసులో రూపాయల్లోకి మార్చుకుని, మారు మాట్లాడకుండా ముందుకు నడిచాను.

ఆట మొదలు కాకముందు స్టాండు పైనుంచి నిజమైన గద్దను వదులుతారు. అది అరవై వేల మంది తలల మీదుగా తీరికగా తిరిగి, మైదానం మధ్యలో పెట్టిన చిహ్నం మీద వాలింది. అది వాలేదాకా ఊపిరి బిగబట్టి చూసిన నా పక్క సీటు పెద్దాయన, ఆ తరువాత తొంభై నిమిషాల ఆటకంటే గుట్‌మన్ శాపం గురించే ఎక్కువ మాట్లాడాడు. ఆ రోజు గోల్స్ ఎవరు కొట్టారో నాకిప్పుడు గుర్తు లేదు. ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పిన కథ మాత్రం బాగా గుర్తుంది.

హంగరీ నుంచి వచ్చిన కోచ్ బేలా గుట్‌మన్ 1961లో, 1962లో వరసగా రెండు యూరోపియన్ కప్పులు గెలిపించి, జీతం పెంచమని అడిగాడు. క్లబ్బు పెద్దలు కుదరదన్నారు. నూరేళ్లదాకా మీకు మళ్లీ యూరప్ కప్పు దక్కదని ఆయన శపించి వెళ్లిపోయాడని కథ. ఆ తరువాత బెన్ఫికా యూరప్ ఫైనళ్లు ఎనిమిది ఆడి, ఎనిమిదీ ఓడింది. 1990లో ఫైనల్ వియన్నాలో జరిగినప్పుడు బెన్ఫికా పాత మేటి ఆటగాడు యుసేబియో అక్కడే ఉన్న గుట్‌మన్ సమాధి దగ్గర మొక్కుకున్నాడని చెబుతారు. మిలన్ 1-0తో గెలిచింది. 2014లో గుట్‌మన్‌కు రెండు కప్పులు చేతికిచ్చి స్టేడియం దగ్గర విగ్రహమే పెట్టారు. అదే ఏడాది మే నెలలో ఫైనల్లో స్పెయిన్ జట్టు సెవియా చేతిలో పెనాల్టీలతో ఓడారు. దేవుడికైనా ఇంత పట్టుదల ఉండదేమో.

నాకు మాత్రం ఆ పూట క్లబ్బు మ్యూజియంలో చూసిన ఫొటోలే కళ్లలో మెదులుతూ ఉన్నాయి. విదేశీ ఆటగాళ్లు లేని జట్టు అని బెన్ఫికా 1979 దాకా గర్వంగా చెప్పుకుంది. అయితే బెర్న్‌లో జరిగిన ఫైనల్లో బార్సిలోనాను 3-2తో ఓడించిన 1961 జట్టులో కెప్టెన్ అగువాస్, సంతానా అప్పట్లో పోర్చుగల్ వలస అయిన అంగోలాలో పుట్టినవారు. గోల్‌కీపర్ కోస్టా పెరేరా, కొలూనా మరో వలస మొజాంబిక్‌లో పుట్టినవారు. మరుసటి ఏడు రియల్ మాడ్రిడ్ మీద రెండు గోల్స్ కొట్టిన యుసేబియోదీ మొజాంబికే. ఆ రెండు కప్పుల నడుమనే, 1961 డిసెంబరులో, గోవా పోర్చుగల్ చేయి జారింది. 1975లో అంగోలా, మొజాంబిక్ స్వతంత్ర దేశాలయ్యాయి. స్వదేశీ జట్టు అన్న ఆ గర్వానికి పునాది సముద్రాల అవతల ఉన్నప్పుడు, ఆ నేలలు చేజారాక జట్టు పలచబడడానికి శాపమే కావాలా అన్నది నా సందేహం. తరువాతి కాలంలో డబ్బున్న క్లబ్బులు మంచి ఆటగాళ్లను ఎగరేసుకుపోవడం ఎలాగూ ఉంది.

విరామంలో ఈ మాటే ఆయనతో అన్నాను. కొలూనా పేరు వినగానే ఆయన ఛాతీ మీద చేయి వేసుకున్నాడు కానీ, నా లెక్కను మాత్రం ఒప్పుకోలేదు. యుసేబియో ఉండగానే మూడు ఫైనళ్లు ఓడాం కదా అని నిలదీశాడు. నేనూ తగ్గలేదు. 1965 ఫైనల్ ఇంటర్ మిలన్ సొంత మైదానమైన సాన్ సీరోలోనే పెట్టారని, కుండపోత వానకు నేలంతా చిత్తడై బంతి కదలలేదని, అలాంటి చోట ఒక్క గోల్ తేడాతో ఓడిపోవడానికి ఎవరి శాపమూ అక్కర్లేదని వాదించాను.

పెద్దాయన వేలు ఆకాశం వైపు చూపించి, "మరి ఆ వాన కురిపించింది ఎవరనుకున్నావు, బాబూ?" అన్నాడు.