నేపాల్, భూటాన్‌లకు పాలమూరు కొలత

గ్రూప్-2కు మొదటిసారి చదివినప్పుడు నా నోటుబుక్కులో దేశాల పట్టిక ఒకటి ఉండేది. రాజధాని, కరెన్సీ, విస్తీర్ణం, జనాభా అని గళ్లు గీసి ఇరవై దేశాలు నింపాను. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ గ్రంథాలయానికి వెళ్లే బస్సులో అదే వల్లె వేసేవాణ్ణి. తీరా ఒక మోడల్ పరీక్షలో ఎంగుల్ట్రమ్ ఏ దేశపు కరెన్సీ అని అడిగితే, భూటాన్‌ది వదిలేసి నేపాల్‌కు టిక్కు పెట్టి వచ్చాను. రెండూ హిమాలయ దేశాలే, రెండింటికీ సముద్రం లేదు, రెండూ మన పొరుగే. నా బుర్రలో ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

ఆ సాయంత్రం పట్టిక మూసేసి ఈ రెండింటినే ఎదురెదురుగా పెట్టుకున్నాను. కొలతకు మన జిల్లానే తీసుకున్నాను. పాత మహబూబ్‌నగర్ జిల్లా 18,432 చదరపు కిలోమీటర్లు, భూటాన్ 38,394. అంటే రెండు పాలమూరులు, పైన కొంచెం. జనాభా దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. 2017 లెక్కల్లో భూటాన్ మొత్తం 7.27 లక్షలు, 2011లోనే మన జిల్లా 40 లక్షలు దాటింది! నేపాల్‌కు జిల్లా చాలదు, రాష్ట్రం కావాలి. విస్తీర్ణంలో తెలంగాణ కంటే పెద్దదైనా 2021లో అక్కడి జనం 2.91 కోట్లే. మనం 2011లోనే మూడున్నర కోట్లు. జనాభా అంకె పక్కన ఏ సంవత్సరపు లెక్కో తప్పకుండా రాసుకోండి, లేకపోతే నాలాగే తికమక పడతారు.

నాకు అన్నిటికంటే బాగా పట్టుబడినది 2008. ఆ ఏడాది మే 28న నేపాల్ రాజ్యాంగ సభ రాచరికాన్ని రద్దు చేసింది. అదే ఏడాది భూటాన్‌లో మొదటిసారి పార్లమెంటు ఎన్నికలు జరిగి, జులై 18న రాజ్యాంగం వచ్చింది. ఒకచోట జనం రాజును దించారు. ఇంకోచోట రాజే ముందుకొచ్చి, మీరే పాలించుకోండని ప్రజలను ఒప్పించాడు. ఈ కథ తెలిశాక ఏది గణతంత్రం, ఏది రాజ్యాంగబద్ధ రాచరికం అని మళ్లీ బట్టీ పట్టే పని రాలేదు. నేపాల్ ప్రస్తుత రాజ్యాంగం 2015 నాటిది, 7 ప్రావిన్సుల సమాఖ్య. భూటాన్‌ది అడవులు 60 శాతానికి తగ్గకూడదని చెబుతుంది.

కరెన్సీ ఇక మరిచిపోను: ఎంగుల్ట్రమ్ మన రూపాయికి సమానం, మన వంద రూపాయలు నేపాల్‌లో 160. మన గడియారంలో పది అయితే కాఠ్మాండులో పదింబావు, థింపూలో పదిన్నర. రెండింటితోనూ సరిహద్దు ఉన్న మన రాష్ట్రాలు సిక్కిం, పశ్చిమ బెంగాల్.

నల్లగొండ మిత్రులు తమ పాత జిల్లా 14,240తో కొలుచుకోవచ్చు. నేనిప్పుడు శ్రీలంక, మాల్దీవుల మీద ఉన్నాను. మాల్దీవుల నేల సుమారు 300 చదరపు కిలోమీటర్లేనట. దానికి జిల్లా పనికిరాదు, మంచి మండలం ఒకటి వెతకాలి.