ఎస్సవీరాకి గాలి చూసుకుని వెళ్లాలి

మొరాకోలోని ఎస్సవీరాలో విండ్‌సర్ఫింగ్ (తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి నీళ్లపై దూసుకెళ్లే ఆట) చేయాలంటే ఏప్రిల్–సెప్టెంబర్ మధ్యే వెళ్లాలి. ఉత్తరపు గాలి మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. కాబట్టి కోట బురుజుల మీది ఫిరంగులు, మదీనా (కోటగోడల లోపలి పాత ఊరు) సందులు పొద్దున్నే చూసేయడం మేలు.

చాలామంది పొరబడేది తెరచాప సైజు దగ్గరే. 6.5 చదరపు మీటర్లది తెచ్చుకుని, ఈ జోరు గాలికి అది మరీ పెద్దదై ఒడ్డున కూర్చుంటారు. ఇక్కడ ఎక్కువగా పనికొచ్చేవి 4.2 నుంచి 5.3 చదరపు మీటర్లవి. రేవు పక్కన నీళ్లు నిమ్మళంగా కనిపిస్తాయి గానీ, ఊరు అడ్డుపడి గాలి విరిగిపోతుంది. తెరచాప ఒక్క క్షణం చచ్చుబడి, మరుక్షణం చేతులు ఊడేలా లాగుతుంది. బీచ్ వెంట దక్షిణానికి జరిగితే నికరమైన గాలి దొరుకుతుంది. ఆఫ్రికాయే కదా అని వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే రబ్బరు దుస్తులు) మానొద్దు, వేసవిలోనూ నీళ్లు 20 డిగ్రీల దగ్గరే.

అన్నట్టు, మదీనా లోపలికి కార్లు రావు. బోర్డు సంచీ తోపుడు బండి మీదే వెళ్లాలి.