బోయ్రా గగనయుద్ధాన్ని స్మరిస్తూ బరంపురంలో పిల్లల కవాతు

ఏటా నవంబరు నాలుగో ఆదివారం ఎన్.సి.సి. దినోత్సవం. 1971 నవంబరు 22న భారత్, పాకిస్తాన్ విమానాల మధ్య జరిగిన బోయ్రా గగనయుద్ధం కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే వస్తుంది కనుక, ఈసారి బరంపురంలో మా మేనకోడలు చదివే బడివారు తమ కవాతును ఆ యుద్ధస్మృతికే అంకితం చేశారు.

కవాతుకు ముందు ఆ యుద్ధ విశేషాలను ఒడియాలో చదివే పని మా మేనకోడలికి అప్పగించారు. ముందురోజు రాత్రి గంజి పెట్టిన ఖాకీ బట్టలు తీగ మీద ఆరుతుండగా, ఒళ్లో బూటు పెట్టుకొని తడిదూదితో దాని ముక్కును మెరిపిస్తూ, వాళ్ల అమ్మమ్మకు అదంతా తెలుగులో చెప్పింది. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని గరీబ్‌పూర్ దగ్గర మన సేనల మీద దాడికి దిగిన పాకిస్తాన్ సేబర్ విమానాలను ఎదుర్కోవడానికి కలకత్తాలోని డమ్‌డమ్ విమానాశ్రయం నుంచి మన నాట్ విమానాలు నాలుగు లేచాయి. వాటిలో రాయ్ మాసీ, గణపతి, సోరెస్, లాజరస్ ఉన్నారు. సేబర్ ముందు నాట్ పిట్టంత విమానం. అయినా కొద్ది నిమిషాల్లోనే పోరు తేలిపోయింది; ఇద్దరు శత్రు పైలట్లు పారాచూట్లతో దిగి మనవారికి చిక్కారు. పూర్తిస్థాయి యుద్ధం మొదలైనది ఆ తరువాత, డిసెంబరు 3న.

అంతా విన్న మా అమ్మ, "చిక్కిన ఆ పిల్లల్ని ఏం చేశారే?" అని అడిగింది. బడివారు ఇచ్చిన కాగితంలో ఆ సంగతి లేదు.

నాకు తెలిసినది నేను చెప్పాను. వారిలో ఒకరైన పర్వేజ్ మెహదీ ఖురేషీని మన జవాన్లు కోపంతో కొట్టబోగా కెప్టెన్ పనాగ్ అడ్డుపడి, గాయానికి కట్టు కట్టించారు. ఆ ఖురేషీయే తరువాత పాకిస్తాన్ వైమానిక దళాధిపతి అయినప్పుడు లాజరస్ అభినందిస్తూ ఉత్తరం రాశారు. దానికి జవాబు కూడా వచ్చింది. గెలుపును ఎంత గట్టిగా చెబుతామో ఈ మాటనూ అంత గట్టిగానే పిల్లలకు చెప్పాలని నా అభిప్రాయం. మాష్టారు మారుమాట లేకుండా ఒప్పుకొని, ఆ నాలుగు వాక్యాలను కాగితంలో చేర్పించారు.

ఆదివారం "దాహినే దేఖ్" అనగానే ముఖాలన్నీ ఒక్కసారిగా వేదిక వైపు తిరిగినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఇంటికి రాగానే మా అమ్మ మనవరాలి బూటు విప్పి, మడమ మీద లేచిన పొక్కుకు కొబ్బరినూనె రాస్తూ, "కట్టు కట్టించిన ముక్క చదివావా?" అని అడిగింది.

"చదివాను అమ్మమ్మా, అదే అందరికంటే గట్టిగా చదివాను."